అత్త చోటులో పద్నాలుగు సీజన్లు

మామిడికాయల షెడ్డు నడపాలంటే ముక్కు బాగా పనిచేస్తే చాలనేవారు మా మామగారు. ఏ కుప్పలో కాయ పండుబారుతోందో, ఎక్కడ ఒక్కటి కుళ్లి పక్కవాటిని పాడుచేస్తోందో వాకిట్లో నిలబడే చెప్పేవారాయన. నాకంత ముక్కు లేదు. నాకున్నవి రెండు జతల కళ్లద్దాలు, ఒకటి దూరానికి, ఇంకోటి ప్రభుత్వం వారి నోటిఫికేషన్లు చదవడానికి. ఆయన కాలంలో వేసవి రాగానే షెడ్డులో ముందు వరిగడ్డి దిగేది. ఇప్పుడు నా ఫోన్లో పీడీఎఫ్‌లు దిగుతున్నాయి.

నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే దారిలో ఉంటుంది మా షెడ్డు. రేకుల కప్పు, మూడు వైపుల గోడ, నాలుగో వైపు లారీ వెనక్కి తిరిగేంత ఖాళీ జాగా. చుట్టుపక్కల తోటల నుంచి, అటు రెడ్డిగూడెం దాకా, రసాలూ బంగినపల్లీ కలెక్టరు కాయలూ ట్రాక్టర్ల మీద వస్తాయి. ఆడవాళ్లు కుప్పల ముందు కూర్చుని సైజుల వారీగా ఏరి, మచ్చ ఉన్నవి పక్కకి తీసి, మిగిలినవి పెట్టెల్లో సర్దుతారు. అవి లారీలెక్కి నాగపూరు వైపు, ఢిల్లీ వైపు పోతాయి. మా వ్యాపారమంతా ఇంతే. చెబుతుంటే నాకే తేలిగ్గా అనిపిస్తుంది.

నేనీ షెడ్డుకి కోడలిగా వచ్చాను. మావారు కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి. కాయను చూస్తే ఆయనకి తినాలనిపిస్తుంది తప్ప అమ్మాలనిపించదు. నేను బీకాం చదివాను. పెళ్లయిన రెండో వేసవిలో మామగారు నన్ను పిలిచి, "అమ్మాయ్, నీకు లెక్కలొచ్చుగా, ఓసారి ఇలా వచ్చి కూర్చో" అన్నారు. ఆ ఓసారికి ముప్పై ఐదేళ్లు దాటిపోయాయి.

ఆ రోజుల షెడ్డు ఇప్పటికీ నా ఒంట్లోనే ఉంది. పొద్దున్నే చెక్క పెట్టెలకి మేకులు కొట్టే చప్పుడుతో పని మొదలయ్యేది. గడ్డి దుమ్ముకి అందరం తుమ్మేవాళ్లం. సొన కారి ఆడవాళ్ల వేళ్లు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచేది. దానికి కొబ్బరినూనె రాసుకుంటూ ఒకరినొకరు ఎకసెక్కాలాడుకునేవాళ్లు. చంటిపిల్లల తల్లులు పైన దూలానికి పాత చీరలతో ఉయ్యాలలు కట్టుకునేవాళ్లు. ఒక ఉయ్యాల ఆగిపోతే దగ్గర్లో ఎవరుంటే వాళ్లు కాలితో ఓ తోపు తోసి మళ్లీ కాయల్లో పడేవాళ్లు. మధ్యాహ్నం క్యారేజీలు తెరిచినప్పుడు పచ్చిపులుసు వాసన, పండిన రసాల వాసన కలిసిపోయేవి. అలాంటి వాసన మళ్లీ ఎక్కడా తగల్లేదు నాకు.

అప్పట్లో చట్టం స్కూటర్ మీద వచ్చేది. ఏడాదికి ఒకటి రెండుసార్లు లేబర్ ఆఫీసు నుంచి ఓ పెద్దమనిషి వచ్చి, రిజిస్టర్లు చూసి, గోడ మీద ఏ బోర్డు ఉండాలో చెప్పి వెళ్లేవారు. మామగారు ఆ వారంలోనే పెయింటర్ని పిలిచి బోర్డు రాయించి, దానికి పసుపు కుంకుమ పెట్టి మరీ తగిలించేవారు. అలా తగిలించిన వాటిలో 'వారపు సెలవు మంగళవారం' అని ఒకటుండేది. మే నెలలో మంగళవారమని కాయ పండకుండా ఆగుతుందా? ఆ బోర్డు కిందే కూర్చుని మంగళవారాలు పనిచేసేవాళ్లం. బదులు సెలవు వర్షాలు పడ్డాక ఇచ్చేవారు మామగారు. అడిగినవాళ్లూ లేరు, కాదన్నవాళ్లూ లేరు.

తర్వాత చట్టం స్కూటర్ దిగి కంప్యూటరెక్కింది. కాయల మధ్య కార్బైడ్ పొట్లాలు పెట్టకూడదన్నారు. అది మాత్రం నాకు సంతోషమే, ఆ పొడి తగిలిన వేళ్లు మండేవి. దానికి బదులు కాయ పండించే ఇథిలీన్ గది కట్టాం. ఆహార లైసెన్సన్నారు, తీసుకున్నాం. మనుషులు ఇరవై దాటారు కాబట్టి పీఎఫ్ కట్టాలన్నారు, కట్టాం. జీఎస్టీ వచ్చింది. ఇన్నిటి మధ్య మా ఊరు కూడా కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. మేం కూర్చున్నచోటు నుంచి అంగుళం కదల్లేదు, మేం వెళ్లాల్సిన ఆఫీసులు మాత్రం కదిలాయి. నాకు కోపం ఎక్కువ. కొత్త రూలు వచ్చినప్పుడల్లా ముందు ఓ గంటసేపు ఇంట్లో అందరి మీదా ఎగురుతాను. ఆ తర్వాత ఊళ్లో అందరికంటే ముందు నేనే పాటిస్తాను. ఆ గర్వం నాకు చాలా ఏళ్లుంది.

ఆ గర్వం ఎలా దిగిందో చెప్పాలంటే ముందు మా షెడ్డులో చోటు సంగతి చెప్పాలి.

చోటంటే ఒక గోనెపట్టా పరుచుకునేంత నేల. ప్రతి ఆడమనిషికీ ఒక చోటుంటుంది. గాలి వచ్చేదొకటి, గోడకి జేరబడే వీలున్నదొకటి, వెలుతురు బాగా పడేది ఇంకొకటి. ఆ చోటు మనిషిది కాదు, ఇంటిది. కుప్ప ముందు కూర్చోలేనంత ముసలిదైపోయిన ఆడమనిషి ఒక వేసవి తన కోడల్ని వెంటబెట్టుకుని వచ్చేది. ఆ సీజనంతా పక్కన కూర్చోబెట్టుకుని, కాయ తొడిమ దగ్గర ఎలా నొక్కాలో, ఏ మచ్చ పైపైది, ఏది లోపలి పుచ్చు, అన్నీ నేర్పేది. మరుసటి వేసవి కోడలొక్కతే వచ్చి ఆ చోట్లో పట్టా పరుచుకునేది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడిగేవాళ్లు కాదు. మామగారి హాజరు పుస్తకంలో పేర్లు ఆ చోట్ల వరసలోనే ఉండేవి. కూర్చునే మనిషి మారినా పేరు మారేది కాదు. అత్త పేరు మీద కోడలు హాజరు వేయించుకునేది. అదొక గౌరవం కింద లెక్క. అత్త బతికుండగా ఆమె పేరు కొట్టేసి తన పేరు రాయించుకోవాలని ఏ కోడలూ అనుకోలేదు. రాయాలని మాకూ తోచలేదు.

పీఎఫ్ మొదలుపెట్టిన ఏడాది మామగారు లేరు. ఆ ఫారాలు నింపింది నేనే. ఆయన పుస్తకం ముందు పెట్టుకుని, పేర్లు పై నుంచి కింది దాకా ఎక్కించేశాను. తర్వాత ఆధార్ కార్డులు తెమ్మన్నప్పుడు ఎవరి పేరుంటే వాళ్ల కార్డే తెచ్చారు. ఫారంలో పేరూ కార్డులో పేరూ కలిశాయి. నాకంతకంటే ఏం కావాలి?

మొన్న చలికాలంలో పాత కార్మిక చట్టాలన్నీ కలిపి నాలుగు కోడ్‌లుగా అమల్లోకి తెచ్చారన్న వార్త వచ్చింది. పనిచేసే ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలి. నలభై దాటినవాళ్లకి ఏడాదికోసారి ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. నేను మామూలుగానే ఓ గంట ఎగిరి, మా కన్సల్టెంటుకి ఫోన్ చేశాను. ఏలూరులో ఉంటాడతను, ఇలాంటి కాగితాలన్నీ చూసిపెడతాడు, నెమ్మదైన మనిషి. మా మనుషుల జాబితా పంపిస్తే వయసులు చూసి పత్రాలు తయారుచేస్తానన్నాడు. రెండ్రోజుల తర్వాత అతనే ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ షెడ్డులో ఒకావిడకి డెబ్బై నాలుగేళ్లు చూపిస్తోందండి. ఇంకా కాయలేరుతున్నారా ఆవిడ?"

"ఎవరు?" అన్నాను. పేరు చెప్పాడు.

"ఆవిడ పోయి నాలుగేళ్లయిందయ్యా" అన్నాను, ఏమీ ఆలోచించకుండా.

"పోయిన సీజన్లో కూడా ఆవిడకి పీఎఫ్ కట్టామండీ" అన్నాడతను.

జాబితా ముందేసుకుని ఒక్కో పేరే చూసుకున్నాను. మిగతా చోట్లలో కొన్నిట్లో పీఎఫ్ మొదలయ్యేనాటికే అత్త పోయి కోడలి పేరు ఎక్కింది, కొన్నిట్లో పేరున్న మనిషే ఇప్పటికీ కూర్చుంటోంది, కొన్ని ఈమధ్య కొత్తగా వచ్చినవాళ్లవి, అవి సరిగ్గానే ఉన్నాయి. ఈ ఒక్క చోటే అడ్డం తిరిగింది. పీఎఫ్ మొదలైన ఏడాదే ఆ పెద్దావిడ కోడలు వచ్చి కూర్చుంది. ఆ ఏటి నుంచి పద్నాలుగు సీజన్లు కాయలు ఏరింది కోడలు. కాగితాల్లో ఏరింది అత్త, అందులో చివరి నాలుగు సీజన్లు చనిపోయాక.

కన్సల్టెంటు వచ్చి నా ఎదురుగా కూర్చుని రెండు దారులున్నాయని చెప్పాడు. తేలిక దారి ఇది. పెద్దావిడ చనిపోయినట్టు ఇప్పుడు తెలియజేసి, ఆమె పేరు మీదున్న మొత్తం వారసుడికి, అంటే ఆమె కొడుక్కి వచ్చేలా చూడటం. కోడల్ని ఈ ఏడాది కొత్తగా చేరినట్టు రాయడం. అందరి నోళ్లూ మూతపడతాయి. "కానీ ఆవిడకి పెన్షన్ రాదండి" అన్నాడు. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసుండాలి. యాభై ఎనిమిది నిండితే అందులో ఇక ఏళ్లు కలవవు. కోడలికి ఇప్పటికే యాభై ఐదు. "మీది సీజన్ పని కదండీ, ఏడాదిలో మూడు నెలలే చేసినా పూర్తి ఏడాది కిందే లెక్క. ఆ పద్నాలుగూ ఆవిడ పేరు మీద ఉండుంటే ఈపాటికి హక్కొచ్చేసేది."

"రెండో దారి?"

"మీరు రాసి ఇవ్వాలండి, రిజిస్టర్లో రాసిన మనిషి వేరు, పనిచేసిన మనిషి వేరు అని. సంజాయిషీ అడుగుతారు. పెనాల్టీ ఉండొచ్చు. పైగా నిజంగా ఆవిడే పనిచేసిందని రుజువు చూపించాలి."

ఆ రోజు అతను వెళ్లాక చాలాసేపు తేలిక దారి గురించే ఆలోచించాను. మీతో అబద్ధమెందుకు చెప్పాలి? ముప్పై ఐదేళ్లలో ఏ ఆఫీసులోనూ నా మీద ఒక్క రాత లేదు. తప్పు రిజిస్టరు రాశానని నా చేత్తో నేనే రాసివ్వాలంటే ప్రాణం ఒప్పలేదు. పైగా ఇది మామగారి పద్ధతే కదా, నేను చేసిన కొత్త నేరం కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అప్పుడే నా సంగతి నాకు గుర్తొచ్చింది. ఆయన పోయాక కూడా ఏళ్ల తరబడి ఆయన పేరు మీదే బిల్లులు రాశాను. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ నన్ను ఆయన కోడలిగానే ఎరుగుదురు, నాకదే బాగుండేది. జీఎస్టీ వచ్చి యజమాని ఎవరో తేల్చమంటే తిట్టుకుంటూనే నా కాగితాలిచ్చాను. కానీ ఆ సర్టిఫికెట్ వచ్చిన రోజున, యజమాని అన్నచోట నా పేరు చూసుకుని, ఆ కాగితం పట్టుకుని ఇంట్లో గది గదికీ తిరిగాను. మావారు నవ్వి, "ఇన్నాళ్లూ ఎవరనుకున్నావేంటి?" అన్నారు. ఆ సంతోషం నాకు చట్టం బలవంతాన ఇచ్చింది. ఆమెకి మాత్రం అక్కర్లేదని నేనెలా తీర్మానిస్తాను?

ఆ పెద్దావిడ కోడలికి కబురు పెట్టాను. అప్పుడు వరి కోతల్లో ఉంది. పని దిగి ముసునూరు వైపు నుంచి ఆటోలో వచ్చింది. కొంగుకి ఇంకా గడ్డిపరకలు అంటుకునే ఉన్నాయి. కుర్చీ చూపించినా కూర్చోకుండా గుమ్మం పక్కన నిలబడి అంతా విన్నది. రెండు దారులూ చెప్పాను. మొదటి దారిలో డబ్బు తొందరగా చేతికొస్తుందని కూడా దాచకుండా చెప్పాను.

"మీ ఆయనతో మాట్లాడుకుని చెప్పు" అన్నాను.

"ఆయన్నడిగితే ముందు వచ్చేది రానీ అంటాడండి. అందుకే అడగను" అంది. కాసేపు తన చేతులు చూసుకుంది. "అమ్మగారూ, మా అత్తయ్య ఆఖర్లో మాత్తర్లు అయిపోతే చెప్పేది కాదండి. ఊరికే నా చేతివంక చూసేది, నేను సంచీ తీస్తానేమోనని. నేనేనాడూ కాదన్లేదు. అయినా ఆ చూపు నాకు నచ్చేది కాదండి. మా కోడలు మంచిదే. బట్టల షాపులో చేస్తోంది, కాయల పనికి రానంది. రేపు నా మోకాళ్లు పడిపోతే నేనా పిల్ల చేతివంక చూడలేనండి."

"అయితే నిజం రాసిద్దాం" అన్నాను.

"మీకేం ఇబ్బంది రాదుగా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి నాకు సిగ్గేసింది. ఇబ్బంది వస్తే అది నాకు రావాల్సిందే అన్నాను. కొంచెం పెద్దమనిషి మాటలాగే పలికినట్టున్నాను, ఆమె తల దించుకుని నవ్వింది.

రుజువు కోసం అటకెక్కాను. జీతాల రిజిస్టర్లలో ప్రతివారం ఒక్కో పేరుకి ఎదురుగా సంతకమో వేలిముద్రో ఉంటుంది. పెద్దావిడకి సంతకం రాదు. అందువల్ల ఆమె పేరుకి ఎదురుగా అన్నీ వేలిముద్రలే. పేరు అత్తది, వేలు కోడలిది! కన్సల్టెంటుకి ఫోన్లో ఈ మాట చెబితే అతని గొంతులో మొదటిసారి హుషారు వినిపించింది. "అవే రుజువు మేడమ్. అన్ని ఏళ్లవీ తీయండి."

మామగారి పుస్తకాలు అన్నీ ఉన్నాయి. ఆయన దేన్నీ పారేసేవారు కాదు. ఎర్ర గుడ్డలో కట్టిన ఆ మూటలు విప్పితే కలరా ఉండల వాసనతో పాటు ఆయన గుండ్రటి చేతిరాత బయటపడింది. ఒక పేజీ మూలన, నా పెళ్లినాడు షెడ్డుకి సెలవిచ్చినట్టు, ఆడవాళ్లందరికీ భోజనాలు పెట్టినట్టు రాసి ఉంది. అక్కడే నేల మీద కూర్చుని చాలాసేపు చదువుకున్నాను. ఎవరెవరి చోట్లు, ఎవరెవరి అత్తలు. అందులో సగంమంది ఇప్పుడు లేరు. వాళ్ల నవ్వులు మాత్రం వినపడ్డాయి నాకు. కళ్లు తుడుచుకుని నా రిజిస్టర్ల కోసం వెతికితే తొమ్మిదే దొరికాయి.

మిగతా ఐదూ ఏమయ్యాయో గుర్తుకు రావడానికి ఓ పూట పట్టింది. నాలుగేళ్ల కిందట ఒక వేసవిలో, పెట్టెల అడుగున వేసే పాత పేపర్లు ఊళ్లో దొరక్కపోతే, పాత రిజిస్టర్లు ఐదేళ్లు దాటితే ఉంచక్కర్లేదన్న రూలు ఎక్కడో చదివి, తెలివిగా అవి తెచ్చి నేనే చింపి ఇచ్చాను. మొదటి ఐదేళ్ల పుస్తకాలు. కోడలి వేలిముద్రలు బంగినపల్లి కాయల కింద పరుచుకుని నాగపూరు వెళ్లిపోయాయి. ఏ రూలూ తెలియని మామగారి పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. రూలు తెలిసిన నేను చింపేశాను.

కోడలికి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "ఆ పేపర్లు పరిచింది కూడా నేనేనండి. చూసుకోలేదు" అంది.

తొమ్మిది రిజిస్టర్లూ, నేను రాసిన రెండు పేజీల ఒప్పుకోలు కాగితం పట్టుకుని కన్సల్టెంటూ కోడలూ నేనూ ముగ్గురం పీఎఫ్ ఆఫీసుకి వెళ్లాం. అక్కడి అధికారి ఓపికగా అన్నీ తిరగేశాడు. ఇలా ఎందుకు రాశారని నన్నడిగితే చోటు సంగతి చెప్పాను. చెబుతుంటే నా చెవికే అది చట్టం ముందు నిలబడే మాటలా లేదు. అయినా అతను మధ్యలో ఆపకుండా విన్నాడు. రిజిస్టర్లలోని ముద్రలతో పోల్చి చూడటానికి కోడలి వేలిముద్రలు తీసుకున్నారు. తర్వాత ఆమె ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించి, కాగితం ముందుకు జరిపారు. నేను ఇంకు ప్యాడ్ మూత తీసి ఆమె వైపు తోశాను.

ఆమె ప్యాడ్ వంక చూడలేదు. నా చేతి కిందున్న పెన్ను తీసుకుని, వంగి, ఒక్కో అక్షరం విడివిడిగా, ఇంటి పేరుతో సహా సంతకం పెట్టింది.

బయటికి వచ్చి, చెట్టు కింద ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగాను. "నీకు సంతకం వచ్చా?"

"ఏడో తరగతి దాకా చదివానండి. పేపరు కూడా చదువుతాను."

"మరి ఇన్నేళ్లూ వేలిముద్రెందుకు వేశావు?"

ఆమె కొంచెం మొహమాటపడింది. "మొదటివారం సంతకం పెట్టబోయానండి. మీరే అన్నారు, పేరు మీ అత్తది, ఆవిడకి సంతకం రాదు, నువ్వు పెడితే తేడా వస్తుంది, వేలే వెయ్యి అని."

నాకు గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు. ఆ మొదటివారం పేజీ చూద్దామన్నా, అది చింపిన ఐదింటిలో ఉంది. కానీ అన్నాననడంలో నాకేమీ అనుమానం లేదు, ఆ మాట అచ్చం నాలాగే ఉంది. తేడా రాకూడదన్నదే నా బతుకంతా. చదువొచ్చిన మనిషి చేత పద్నాలుగు సీజన్లు వేలిముద్ర వేయించి, రిజిస్టరు శుభ్రంగా ఉందని మురిసిపోయాను. ఆ దారంతా ఆటోలో ఆమె పక్కనే కూర్చుని వచ్చాను.

వేలిముద్రలు కలిశాయి. రుజువున్నంత వరకు, తొమ్మిది సీజన్లు, ఆమె పేరు మీదికి మార్చడానికి ఒప్పుకుంటూ సీజనుకి ముందే కాగితం వచ్చింది. నాకు పెనాల్టీ వేశారు, కట్టేశాను. తొమ్మిదే కాబట్టి పెన్షన్‌కి ఒక్క ఏడాది తక్కువ. ఆ ఒక్కటీ ఈ వేసవి పనిచేస్తే నిండుతుంది. మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా పట్టించుకోని నేను, ఆ చలికాలమంతా ఆమె మోకాళ్ల గురించి కనుక్కుంటూనే ఉన్నాను.

సీజన్ మొదటి రోజు పొద్దున్నే షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి నియామక పత్రాలు పంచాను. కన్సల్టెంటు అందరికీ ఒకే నమూనాలో తయారుచేసి పంపాడు. నేను సంతకాలు చేసి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఉంచాను. చాలామంది కవరు కళ్లకద్దుకుని, చెప్పినచోట సంతకమో ముద్రో వేసి, క్యారేజీ సంచీలో దోపుకున్నారు. ఒకావిడ, "దీన్ని చూపిస్తే బస్సులో టిక్కెట్టు ఉండదాండీ?" అనడిగితే అందరూ నవ్వారు. కోడలు మాత్రం కాగితం కవర్లోంచి బయటికి తీసింది. వెలుతురు పడేచోట నిలబడి, పెదాలు కదుపుతూ, రెండు పేజీలూ చదివింది. ఆడవాళ్లు క్యారేజీ సంచీలు వదిలి అటే చూశారు. ఆమెకి చదువొచ్చని ఆ ఆడవాళ్లలో కూడా సగంమందికి తెలియదనుకుంటాను.

చదవడం పూర్తయ్యాక కాగితం నా దగ్గరికి పట్టుకొచ్చింది.

"ఇందులో ఒకటి తప్పుందండీ. పనిలో చేరిన తేదీ అని ఇవాల్టిది వేశారు."

చూశాను. నిజమే. అందరికీ అదే తేదీ పడింది, నేను గమనించనే లేదు. "పొరపాటమ్మా. ఆఫీసువాళ్లు తొమ్మిది సీజన్లు ఒప్పుకున్నారుగా, ఆ తేదీ వేయిస్తాను" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"వాళ్లకి రుజువు కావాలి గనక తొమ్మిదన్నారండి. మీకెందుకండీ రుజువు? మీరు నన్ను రోజూ చూశారు కదా."

ఆమె కాగితాన్ని నా బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది.

"సరిచేశాక పిలవండమ్మగారూ, వచ్చి సంతకం పెడతాను" అని చెప్పి, వెళ్లి తన చోట్లో పట్టా పరుచుకుంది.

అప్పటికే మొదటి ట్రాక్టరు వచ్చింది. నేను లోపలికి వెళ్లి, కంప్యూటర్ ముందు కూర్చుని, చిన్నక్షరాలు చదివే కళ్లద్దాలు పెట్టుకున్నాను. చేరిన తేదీ అన్నచోట పద్నాలుగు సీజన్ల కిందటి వేసవి టైపు చేసి, మిగతా పత్రాలు కూడా వెనక్కి తెప్పించి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, ఏ ఏడాది చేరారో అడగడం మొదలుపెట్టాను.